ఫాదో: బాణీ అందరిది, పాట పాడినవారిది

[దృశ్యం: లిస్బన్ నగరంలో అల్ఫామా పేట. మెట్ల సందు, ఒక చిన్న భోజనశాల.]

వ్యాఖ్యానం: ఫాదో అంటే పోర్చుగల్ సంప్రదాయ గానరీతి. ఇక్కడ భోజనం మధ్యలో ఉండగానే దీపాలు తగ్గిస్తారు, వడ్డన ఆగిపోతుంది. "నిశ్శబ్దం! ఫాదో పాడబోతున్నారు" అని ఎవరో ప్రకటిస్తారు. ఇక చెంచా చప్పుడైనా పక్క బల్లవాళ్లు గుర్రుగా చూస్తారు. వాద్యకారులు కూర్చుని ఉంటే, నల్ల శాలువా కప్పుకున్న గాయని వాళ్ల ముందు నిలబడుతుంది. చాలాచోట్ల మైకు కూడా ఉండదు.

[దృశ్యం: పోర్చుగీసు గిటారు, బాగా దగ్గరగా.]

బేరిపండు ఆకారంలో ఉన్న ఈ వాద్యానికి 12 తీగలు, రెండేసి చొప్పున ఆరు జతలు. పైన విసనకర్రలా విచ్చుకున్నవి శ్రుతి చేసే లోహపు మరలు. వాయించేవారు వేళ్లకు కృత్రిమ గోళ్లు తొడుక్కుంటారు. పక్కన మామూలు గిటారు లయ చూసుకుంటుంది; దాన్ని అక్కడ వియోలా అంటారు. గాయని ఊపిరి తీసుకునే సందులో పోర్చుగీసు గిటారు బదులు పలుకుతుంది. ఈ సంవాదం కుదరకపోతే ఎంత మంచి గొంతయినా పాట తేలిపోతుంది.

[తెరపై అక్షరాలు: మెనోర్, కొరీదు, మొరారియా]

ఇవి మూడు పాత బాణీలు. ఎవరు కట్టారో తెలియదు. పాదానికి ఏడక్షరాల చొప్పున సాగే నాలుగు పాదాల పద్యం ఏదైనా వీటిలో ఇమిడిపోతుంది. మన రంగస్థల నటుడు ఒకే రాగంలో రకరకాల పద్యాలు ఎత్తుకున్నట్టే ఇదీను. కాబట్టి బాణీ కొత్తదా అని ఎవరూ అడగరు. మాటను ఎక్కడ సాగదీశారు, తాళాన్ని ఎక్కడ కాస్త వెనక్కి లాగారు, ఏ పదం దగ్గర ఆగారు అన్నదే చూస్తారు. ఈ విద్యలో ఆరితేరినవాడు అల్ఫ్రెదు మార్సెనైరు. వృత్తి వడ్రంగం, ఆ వృత్తే పేరుగా స్థిరపడింది.

[దృశ్యం: మొరారియా పేట, పాత చిత్రాలు.]

ఫాదో పుట్టింది 19వ శతాబ్దం తొలి భాగంలో, రేవు పక్క పేటల్లో, సారా దుకాణాల్లో. నావికులు, కూలీలు, వేశ్యలు పాడుకున్న పాట అది. మొరారియాలో పాడిన మరియా సెవేరా 1846లో, ఇరవయ్యారేళ్లకే పోయింది. ఒక జమీందారీ ప్రభువుతో ఆమె ప్రేమ కథలుగా మిగిలింది. గాయనుల నల్ల శాలువా ఆమెకు గుర్తు అంటారు.

1926 సైనిక తిరుగుబాటు తర్వాత కథ మారింది. మరుసటి ఏడాది వచ్చిన చట్టంతో పాటల సాహిత్యం ముందుగా సెన్సారుకు చూపాలి, గాయకులకు వృత్తి గుర్తింపు కార్డు ఉండాలి. అప్పటికప్పుడు పద్యం అల్లడమే ప్రాణమైన పాటకు ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా తర్వాత అదే నియంతృత్వం ఫాదోను దేశానికి ముఖచిత్రంగా వాడుకుంది. ఆ మచ్చ వల్ల, ఆ నియంతృత్వాన్ని కూల్చిన 1974 విప్లవం తర్వాత కొన్నేళ్లు ఫాదోను అనుమానంగా చూశారు.

[దృశ్యం: అమాలియా రోద్రిగేష్ ఛాయాచిత్రాలు.]

ఆ నింద ఫాదో గాయని అమాలియా మీదా పడింది. రేవులో పండ్లు అమ్మిన ఈ అమ్మాయి ప్రపంచ వేదికలెక్కింది. 1960లలో ఆలాన్ ఉల్మాన్ స్వరాలతో 16వ శతాబ్దపు మహాకవి కమోయిష్ కవితలను పాడితే, సారా కొట్టు పాటలో ఆయన కవిత్వమా అని పండితులు మండిపడ్డారు. నన్నడిగితే ఆమె చేసిన గొప్ప పని అదే. 1999లో ఆమె మరణించినప్పుడు ప్రభుత్వం మూడు రోజులు సంతాపం ప్రకటించింది. 2011లో యునెస్కో ఫాదోను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

[దృశ్యం: కొయింబ్రా, పాత కెథడ్రల్ మెట్లు.]

విశ్వవిద్యాలయ నగరం కొయింబ్రాలో మరో శాఖ ఉంది. అక్కడ నల్ల అంగీలు కప్పుకున్న విద్యార్థులు, సంప్రదాయం ప్రకారం మగవారే, రాత్రివేళ పాడతారు. పాట నచ్చితే మాత్రం చప్పట్లు కొట్టకండి. అక్కడ మెచ్చుకోలు అంటే, దగ్గినట్టుగా గొంతు సవరించుకోవడమే!