పే స్లిప్పులో మొదటి వరుస

శ్రోతలకు నమస్కారం.

పెళ్లిచూపుల్లో మావైపు అబ్బాయిని అడిగేవి రెండే ప్రశ్నలు. "ఏం జేస్తవ్ బిడ్డా?" అనేది మొదటిది. "ఎంతస్తది?" అనేది రెండోది. పోయిన మాఘంలో మా మేనల్లుడికి ఈ రెంటి దగ్గరా చెమటలు పట్టాయి. కెమికల్ ఫ్యాక్టరీలో ఆపరేటర్‌నని చెప్పాడు. "అంటే బటన్లు నొక్కుడేనా?" అన్నాడు పిల్ల మేనమామ. జీతం సంగతి వచ్చేసరికి "చేతికి పదిహేడు, ఓటీ పడితే ఇరవై, ఒక్కో నెల..." అని నసిగి నావైపు చూశాడు. ఓటీ అంటే షిఫ్ట్ దాటి చేసే ఓవర్‌టైమ్. వాడి పక్కన కూర్చున్నది నేనే. నేనూ ఇరవై నాలుగేళ్లు పటాన్‌చెరు వైపు మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీల్లో అదే పని చేసి హనుమకొండకు తిరిగొచ్చినవాణ్ని. ఆ రోజు వాడి తరఫున సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇవాళ మీకు చెబుతున్నాను.

ముందు ఆ బటన్ల సంగతి. రాత్రి పది గంటలకు బీ షిఫ్ట్ దిగుతుంది, సీ షిఫ్ట్ ఎక్కుతుంది. దిగేవాడు ఎక్కేవాడికి లాగ్ బుక్ చూపిస్తాడు. రసాయనాలు కలిపి వండే పాత్రను రియాక్టర్ అంటాం; మూడో రియాక్టర్‌లో టెంపరేచర్ ఎంతుంది, వ్యాక్యూమ్ నిలబడుతోందా, ఏ పంపు శబ్దం మారింది, ఏ వాల్వుకు ట్యాగ్ కట్టి ఉంది, అన్నీ. ఐదు నిమిషాల పనే. కానీ బీ షిఫ్ట్ వాడు బస్సు తప్పిపోతుందన్న టెన్షన్‌లో ఒక ముక్క మింగేశాడంటే తెల్లవారుజామున మూడింటికి అది సీ షిఫ్ట్ వాడి నెత్తిన పడుతుంది. మనిషికి నిద్ర కమ్ముకొచ్చే ఆ మూడింటికే, గాజు పూత పూసిన రియాక్టర్‌లో వేడి రెండు డిగ్రీలు ఎక్కువ పెరిగిందని గమనించి చల్లనీళ్లు తిప్పాలి. ఆలస్యమైతే బ్యాచ్, అంటే ఆ విడత సరుకంతా, పోవచ్చు, ఇంకా ఆలస్యమైతే మనిషే పోవచ్చు. జీతం ఇచ్చేది ఆ మెలకువకు.

మందుల ఫ్యాక్టరీలో రాత కూడా పనిలో భాగమే. బ్యాచ్ రికార్డులో అంకె తప్పు పడితే దిద్దకూడదు, వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, సంతకమూ తేదీ పెట్టాలి. అమెరికా నుంచి ఆడిట్‌కు వచ్చినవాళ్లు మిషన్ల కంటే ముందు చూసేది ఆ కాగితాలనే. అందుకే ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు తప్పుల్లేకుండా రాయగలిగిన కుర్రాడికి, చేతిపని బాగా తెలిసిన పాత ఆపరేటర్ కంటే రెండు వేలు ఎక్కువ ఇచ్చిన సందర్భాలు నేను చూశాను. నాకు అప్పట్లో మండింది. ఇప్పుడూ కొంచెం మండుతుంది.

ఈ పనికి రావడానికి దారులు మూడు, నాలుగు ఉన్నాయి. పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల 'అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్' ట్రేడ్ ఒకటి. కెమికల్ ఇంజినీరింగ్ డిప్లొమా ఇంకొకటి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో బీఎస్సీ చేసినవాళ్లూ వస్తారు. అప్రెంటిస్‌గా చేరితే వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. 2019లో సవరించిన నియమాల్లో కనీస స్టైపెండ్ ఐటీఐ వాళ్లకు నెలకు 7,000, డిప్లొమా వాళ్లకు 8,000, డిగ్రీ వాళ్లకు 9,000 రూపాయలుగా పెట్టారు. పటాన్‌చెరులో ముగ్గురు కలిసి ఒక గది తీసుకుంటే అద్దెకు, అన్నానికి, ఆదివారం ఉప్పల్ మీదుగా ఇంటికొచ్చే బస్సుకు సరిపోతుంది. మిగలదు.

ఇప్పుడు అసలు తేడా ఎక్కడుందో చెబుతాను. రామగుండం వెళ్లి చూడండి. 1980లో బొగ్గు ఆధారంగా మొదలైన పాత ఎరువుల కర్మాగారం 1999లో ఆగిపోయింది. ఆ జాగాలోనే గ్యాస్‌తో నడిచే కొత్త ప్లాంటు కట్టారు. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దాని సామర్థ్యం. అమ్మోనియా తయారయ్యే కన్వర్టర్‌లో నాలుగు వందల డిగ్రీల పైన వేడి, మన సైకిల్ ట్యూబ్‌తో పోలిస్తే ఊహకు కూడా అందనంత ఒత్తిడి. ఇలాంటి చోట కంట్రోల్ రూంలో తెరల ముందు కూర్చునేవాణ్ని బోర్డు ఆపరేటర్ అంటారు. బయట పైపుల మధ్య వాకీటాకీ పట్టుకుని తిరిగేవాడు ఫీల్డ్ ఆపరేటర్. లోపలివాడు చెబితే బయటివాడు వాల్వు తిప్పుతాడు. ఫీల్డ్‌లో కొన్నేళ్లు నలిగాకే బోర్డు మీదికి తీసుకుంటారు. జీతంలో పెద్ద మెట్టు అదే.

కేంద్ర ప్రభుత్వ రంగంలో ఈ ఉద్యోగానికి స్కేలు ఉంటుంది. నేషనల్ ఫర్టిలైజర్స్‌లో ప్రొడక్షన్ జూనియర్ ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కు నోటిఫికేషన్లలో ఇచ్చిన స్కేలు 23,000 నుంచి 56,500. ఇండియన్ ఆయిల్ రిఫైనరీల్లో 25,000 నుంచి 1,05,000. ఇది బేసిక్, అంటే మూల వేతనం, మాత్రమే సుమా. దానిమీద మూడు నెలలకోసారి మారే డీఏ (కరువు భత్యం), ఇంటి అద్దె, ఇతర అలవెన్సులు వస్తాయి. అంటే కొత్తగా చేరిన పిల్లాడి బేసిక్ ఒక్కటే మా మేనల్లుడి మొత్తం జీతాన్ని దాటేస్తుంది.

మరి ఇద్దరి పనిలో అంత తేడా ఉందా? కొంత ఉంది. ఎరువుల ప్లాంటు రాత్రీ పగలూ ఆగకుండా నడిచేది. ఒక్కసారి ట్రిప్పయి ఆగిపోతే మళ్లీ లేపడానికి రోజులు పట్టొచ్చు, నష్టం కోట్లలో ఉంటుంది. కాబట్టి నడిపేవాణ్ని నిలబెట్టుకోవాలని చూస్తారు. మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ పని. అయితే ఆ తేడాతోనే లెక్క తెగదు. ఒకే గేటు లోపల, ఒకే పంపు దగ్గర, ఒకే రంగు హెల్మెట్ పెట్టుకున్న ఇద్దరిలో ఒకడు కంపెనీ రోల్ మీద, అంటే కంపెనీ సొంత ఉద్యోగిగా, ఇంకొకడు కాంట్రాక్టర్ రోల్ మీద ఉంటారు. గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ నుంచి తడి పౌడర్ తీసేటప్పుడు ఇద్దరి ముక్కుల్లోకీ పోయేది ఒకే సాల్వెంట్. జీతం మాత్రం కాంట్రాక్టర్ మనిషికి రెండోవాడిదాంట్లో సగం. నేను మొదటి ఆరేళ్లూ కాంట్రాక్టర్ కిందే ఉన్నాను. కంపెనీ రోల్ మీదికి వచ్చిన నెల నా పని గోరంత కూడా మారలేదు, గేట్ పాస్ మాత్రం మారింది. జీతం ఎనభై శాతం పెరిగింది.

పెళ్లిచూపుల నుంచి వచ్చాక మేనల్లుడి పే స్లిప్ తెప్పించుకుని చూశాను. మొత్తం 18,500. బేసిక్ 6,500. ఇంటి అద్దె 3,000, కన్వేయన్స్ 2,000, స్పెషల్ అలవెన్స్ 4,500, షిఫ్ట్ అలవెన్స్ 1,500, ప్రొడక్షన్ ఇన్సెంటివ్ 1,000. పీఎఫ్, ఈఎస్ఐ, ప్రొఫెషన్ ట్యాక్స్, క్యాంటీన్ పోను చేతికి పదిహేడు వేల చిల్లర. వాడు ఆ చివరి అంకె మాత్రమే చూస్తాడు. నేను మొదటి వరుస చూడమన్నాను.

"మామా, మొత్తం పద్దెనిమిదిన్నర వస్తున్నప్పుడు బేసిక్ ఎంతైతే ఏంది?" అన్నాడు.

కాగితం, పెన్ను తెమ్మన్నాను. పీఎఫ్ 12 శాతం. 6,500 మీదైతే నెలకు 780 కడతాడు, కంపెనీ కూడా అంతే వేస్తుంది. బేసిక్ మొత్తంలో సగం, అంటే 9,250 ఉంటే 1,110. తనకు 330, కంపెనీ వైపు నుంచి 330, నెలనెలా తేడా. ఉద్యోగం వదిలేటప్పుడు ఒక్కసారిగా ఇచ్చే గ్రాట్యుటీకి లెక్క ఏడాదికి పదిహేను రోజుల వేతనం, నెలను ఇరవై ఆరు రోజులుగా తీసుకుని. 6,500 మీద పదేళ్లకు 37,500. 9,250 మీదైతే 53 వేలు దాటుతుంది. అప్పుడు వాడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

ఓటీ దగ్గర ఇంకా బాధాకరంగా ఉంది. ఓటీకి సాధారణ రేటుకు రెట్టింపు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచి ఉన్న మాట. అలవెన్సులు కూడా కలిపి లెక్కగడితే ఒక ఎనిమిది గంటల డబుల్ డ్యూటీకి వాడికి వెయ్యి దాటి రావాలి. వాడి కాంట్రాక్టర్ బేసిక్ మీద, అదీ సింగిల్ రేటున లెక్కగట్టి 250 చేతిలో పెడుతున్నాడు. పెళ్లిచూపుల్లో "ఓటీ పడితే ఇరవై" అని చెప్పుకున్నది దీన్ని చూసుకునే. నెలకు పది డబుల్ డ్యూటీలు చేస్తే గానీ ఆ ఇరవై రాదు. పది రాత్రులు!

అందరికీ ఒకేలా ఇచ్చే స్పెషల్ అలవెన్స్‌ను పీఎఫ్ లెక్క నుంచి తప్పించడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారమైతే, లెక్కలోకి వచ్చే వేతనం మొత్తంలో కనీసం సగం ఉండాలి. స్లిప్పుల్లో వరుసలు మారడం మొదలైంది. చేతికొచ్చేది కొంచెం తగ్గిందని కొందరు గొణుగుతున్నారు. వాళ్ల బాధా అబద్ధం కాదు, ఈ నెల చిట్టీ ఈ నెలే కట్టాలి కదా.

ఇంకో చిత్రం చెబుతాను. ఈఎస్ఐకి, అంటే ఉద్యోగుల వైద్య బీమాకు, జీతం పరిమితి నెలకు 21,000. జీతం 20,800 ఉన్నవాడికి తనమీద ఆధారపడ్డ ఇంట్లోవాళ్లకు ఆస్పత్రి ఖర్చు ఈఎస్ఐ చూస్తుంది. ఇంక్రిమెంట్‌తో 21,500 అయితే, కొన్ని నెలల గడువు ముగిశాక ఈఎస్ఐ పోతుంది. దాని బదులు కంపెనీ ఇన్సూరెన్స్ చేయిస్తుందో లేదో అడిగి తెలుసుకోకుండా ప్రమోషన్ స్వీట్లు పంచిన మిత్రుడొకడు నాకున్నాడు. ఈఎస్ఐ పోయాకే వాళ్ల నాన్నకు స్టెంట్ వేయాల్సి వచ్చింది.

జీతం పెంచుకునే దారుల్లో నేను గట్టిగా చెప్పేది బాయిలర్ సర్టిఫికెట్. ఏ కెమికల్ ప్లాంటుకైనా ఆవిరి కావాలి, బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న మనిషి చట్టప్రకారం ఉండి తీరాలి. ఆ కాగితం ఉన్నవాణ్ని కంపెనీ తేలిగ్గా వదులుకోలేదు. కంప్యూటర్ మీద ప్లాంటు నడిపే డీసీఎస్ నేర్చుకున్నవాడికీ అంతే గిరాకీ. ఊరికే మూడు వేల కోసం ఏడాదికో కంపెనీ మారడం మా కాలం నుంచీ ఉంది. మొదటి రెండు మార్పులూ పనికొస్తాయి. ఆ తర్వాత ఇంటర్వ్యూలో "ఎక్కడా నిలవవేం బాబూ?" అనే అడుగుతారు.

జగిత్యాల, కరీంనగర్ వైపు వాళ్లు గల్ఫ్ సంగతి చెప్పలేదేమని అనుకోవచ్చు. సౌదీలో జుబైల్, అబుదాబిలో రువైస్ పెద్ద పెట్రోకెమికల్ ఊళ్లు. ప్రాసెస్ ఆపరేటర్‌కు అక్కడ మంచి జీతమే. కాకపోతే రిఫైనరీలోనో పెట్రోకెమికల్ ప్లాంటులోనో ఐదేళ్ల అనుభవం అడుగుతారు. అది లేనివాణ్ని "ముందు హెల్పర్‌గా పో, అక్కడ ఆపరేటర్ చేస్తరు" అని ఏజెంటు నమ్మిస్తాడు. వీసా మీద ఏ పని రాసి ఉందో అదే మీ ఉద్యోగం. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ ఛార్జి 30,000, పైన పన్ను. లక్షన్నర అడిగాడంటే మీరు వెళ్తున్న దారి వేరేది.

ప్రమాదం మాట ఎత్తకుండా ఈ పని గురించి మాట్లాడలేను. 2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల నుంచి కూటికోసం వచ్చినవాళ్లు. ఆ రోజు ఉదయం నుంచి రాత్రిదాకా మా అక్క ఫోన్ చేతిలోంచి దించలేదు. కొడుకు పనిచేసేది వేరే ఫ్యాక్టరీలో అని తెలిసినా సరే. నా ఇరవై నాలుగేళ్ల పే స్లిప్పులన్నీ ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. వాటిలో షిఫ్ట్‌కు వరుస ఉంది, వాషింగ్‌కు వరుస ఉంది, చివరికి పాలకు కూడా ఉంది. రిస్క్‌కు మాత్రం లేదు. ప్రమాదకరమైన ప్రాసెస్‌లో పనిచేసేవాళ్లకు ఏడాదికోసారి మెడికల్ టెస్టులు చేయించాలి. ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. అడిగితే ఉద్యోగం పోదు, నేను అడిగాను.

మేనల్లుడికి ఆ సంబంధం కుదరలేదు. అది జీతం వల్లా, జాతకం వల్లా అన్నది మాకు చెప్పలేదు. అయితే పోయిన నెల చౌటుప్పల్ వైపు ఒక కంపెనీ నుంచి వాడికి ఆఫర్ లెటర్ వచ్చింది. 20,500, కంపెనీ రోల్ మీదే. ఫోన్ చేసి మొదట ఆ అంకె చెప్పలేదు. "మామా, బేసిక్ పది వేల రెండువందల యాభై" అన్నాడు. ఓటీ రేటు ఎట్లా కడతరో అడిగినవా అన్నాను. అడిగాడట. లెటర్‌లో రాసిమ్మన్నాడట కూడా. హెచ్ఆర్ ఆయన కాసేపు నీళ్లు నమిలి, రాసిచ్చాడట.

మొన్న ఆదివారం రాత్రి హనుమకొండ బస్టాండులో వాణ్ని నేనే ఎక్కించి వచ్చాను. ఈ వారం వాడిది సీ షిఫ్ట్. మీరీ మాటలు వినే టైముకు గదిలో కిటికీకి దుప్పటి కట్టుకుని నిద్రపోతూ ఉంటాడు.

నమస్కారం.