రస్ట్ ఆటగాళ్ల గొడవ అంతా ఒక్క విషయం మీదే

[తెరపై: సముద్రపు ఒడ్డు, తెల్లవారుజాము. చేతిలో రాయి పట్టుకుని నిలబడ్డ మనిషి.]

ఒంటి మీద బట్టల్లేవు. చేతిలో ఒక రాయి, పక్కన ఒక కాగడా. అంతే. రస్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో ఎవరైనా ఇక్కడే మొదలుపెట్టాలి. ఐదు వేల గంటలు ఆడినవాళ్లైనా, ఈరోజే కొన్నవాళ్లైనా ఇదే ఒడ్డు, ఇదే రాయి.

ఫేస్‌పంచ్ స్టూడియోస్ ఈ గేమ్‌ని 2013 డిసెంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే ఇంకా తయారవుతుండగానే ఆడుకోవడానికి వదిలింది. పూర్తి విడుదల 2018 ఫిబ్రవరిలో జరిగింది. మొదట్లో ఇందులో జాంబీలుండేవి. 2014లో తీసేశారు. ఎలుగుబంట్లు, తోడేళ్లు ఇప్పటికీ ఉన్నాయి గానీ, అసలు భయం సాటి ఆటగాళ్లతోనే.

ఇన్నేళ్లయినా దీని గురించి ఇద్దరు ఆటగాళ్లు ఒక మాట మీద ఉండరు. ఒకరు ఇంత గొప్ప గేమ్ లేదంటారు, ఇంకొకరు దీని జోలికి రావద్దంటారు. చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒక్కరే అంటారు. నేనూ అన్నాను. కొన్నేళ్లుగా ఆడుతూ, ఈ వాదనలు వింటూ నాకు అర్థమైంది ఏంటంటే, తుపాకుల గురించి గొడవపడినా, గోడల గురించి గొడవపడినా, వీళ్లందరూ మాట్లాడుతున్నది టైమ్ గురించే.

[తెరపై: రాతి గది లోపల నేల మీద నిద్రపోతున్న క్యారెక్టర్.]

ఇది చూడండి. మీరు గేమ్ మూసేసి పడుకున్నారు. కానీ మీ క్యారెక్టర్ మాయం కాలేదు. అక్కడే, మీరు కట్టుకున్న ఇంట్లో, అంటే మీ బేస్‌లో, నేల మీద నిద్రపోతోంది. సర్వర్, అంటే అందరూ కలిసి ఆడే ఆ లోకం, నడుస్తూనే ఉంటుంది. మీ తలుపు బయట ఎవరైనా తిరగొచ్చు. రస్ట్‌లో ఉన్న టెన్షన్ అంతా ఇక్కడే పుడుతుంది.

ఒకసారి సోలోగా ఆడుతూ చిన్న రాతి బేస్ కట్టాను. ఒకదాని వెనక ఒకటి రెండు రేకు తలుపులు, రెండింటికీ కోడ్ లాక్. బయటి తలుపు తీసినప్పుడు ఎవరైనా చంపేసినా, లోపలి తలుపు వాళ్లని ఆపుతుందని అలా కడతాం. బేస్‌ని నిలబెట్టే పెట్టె టూల్ కబోర్డ్, అందులో రాయి, ఇనుము సరిపడా వేశాను. అవి లేకపోతే గోడలు వాటంతటవే అరిగిపోతాయి మరి. పొద్దున లాగిన్ అయితే కనిపించింది బేస్ కాదు, నేను చనిపోయానని చెప్పే స్క్రీన్. చనిపోతే మళ్లీ లేచే చోటైన స్లీపింగ్ బ్యాగ్ కూడా పగలగొట్టేశారు, కాబట్టి మళ్లీ ఒడ్డు మీద పడ్డాను. నడుచుకుంటూ వెళ్లి చూస్తే తలుపులు ఉండాల్సిన చోట ఖాళీ. పెట్టెల్లో ఒక్క కట్టె ముక్క కూడా మిగల్లేదు.

ఒక రేకు తలుపు పగలాలంటే నాలుగు సాచెల్స్, అంటే పేలుడు సంచులు కావాలి. రెండు తలుపులు, ఎనిమిది సాచెల్స్. ఎనిమిది పేలుళ్లు వినిపించి ఉంటాయి, వినడానికి నేను లేను.

దీన్నే ఆఫ్‌లైన్ రెయిడ్ అంటారు. ఆటగాళ్లలో ఎక్కువ కోపం దీని మీదే. ఎదురు తిరగలేనివాడి మీద పడటం ఏం మగతనం అని అడుగుతారు. రెయిడ్ చేసినవాళ్లని అడిగితే ఇంకో లెక్క చెబుతారు. సీ-ఫోర్ అనే బాంబు ఒక్కటి తయారు చేయాలంటే 2,200 సల్ఫర్ కావాలి. అది ఊరికే రాదు. గంటలకొద్దీ బండలు కొట్టాలి, కరిగించాలి, దారిలో ఎవరూ దోచుకోకుండా బేస్‌కి చేర్చాలి. ఇంత కష్టపడి తెచ్చింది ఒక్క పొరపాటుతో పోగొట్టుకోవడం ఎందుకని, అవతలివాళ్లు నిద్రపోయేదాకా ఆగుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు, ఇప్పటికీ చేయను. కానీ వాళ్ల భయమూ నా బాధా ఒకటేనని ఒప్పుకుంటాను. గడిపిన గంటలు పోతాయన్న భయం అది.

[తెరపై: క్యాలెండర్, నెలలో మొదటి గురువారం.]

వైప్ సంగతి కూడా అంతే. ప్రతి నెలా మొదటి గురువారం అప్‌డేట్ వస్తుంది, దాంతో అన్ని సర్వర్లలో మ్యాప్ తుడిచిపెట్టుకుపోతుంది. కట్టినవన్నీ పోతాయి. "నెలంతా కష్టపడింది ఎందుకు?" అని కొత్తవాళ్లు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. కానీ నన్నడిగితే రస్ట్ ఇన్నేళ్లు బతికింది వైప్ వల్లే. వైప్ పడిన మొదటి రెండు గంటలు చూడండి, ఒడ్డంతా జనం, అందరి చేతుల్లో రాళ్లు, మహా అయితే విల్లు. ఇరవై మంది ఉన్న క్లాన్ కూడా ఆ కాసేపు మనలాగే చెట్లు నరుకుతుంది. నాలుగైదు రోజులు గడిస్తే పెద్ద క్లాన్లదే రాజ్యం, సర్వర్ పలచబడిపోతుంది. అప్పుడు చేరినవాళ్లకి ఈ గేమ్ అంటే చావడమే అనిపిస్తుంది. గొప్ప గేమ్ అన్నవాళ్లూ, జోలికి రావద్దన్నవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఆడిన రోజు వేరు. గుంపుల బాధ భరించలేనివాళ్ల కోసం సోలో, డ్యుయో, ట్రయో సర్వర్లున్నాయి, అంటే ఒక్కరు, ఇద్దరు, ముగ్గురికి మించి జట్టు కట్టకూడనివి. కొత్తవాళ్లు అక్కడే మొదలుపెట్టండి.

ఇక పాతవాళ్ల మనసు బాగా నొప్పించింది 2022 జూన్‌లో వచ్చిన మార్పు. అంతకుముందు ఏకే తుపాకీ పేల్చితే ముప్పై గుళ్లూ ఒక లెక్క ప్రకారమే పైకి, పక్కలకి పోయేవి. ఆ లెక్కని మౌస్‌తో చేతికి అలవాటు చేసుకోవడానికి జనం ట్రైనింగ్ సర్వర్లలో వందల గంటలు గోడల మీద కాల్చేవాళ్లు. ఆ స్థిరమైన లెక్కని ఒక్క అప్‌డేట్‌తో తీసేశారు. చేతికి వచ్చిన విద్య పనికిరాకుండా పోతే ఎవరికైనా మండుతుంది, ఆ కోపాన్ని నేను తక్కువ చేయను. అయినా సరైన నిర్ణయమే అంటాను. ఆ లెక్కని స్క్రిప్ట్‌తో, అంటే చిన్న ప్రోగ్రామ్‌తో చేయించి మోసం చేసేవాళ్లకి దారి కొంతైనా మూసుకుపోయింది, రోజుకి గంట ఆడేవాళ్లకి కూడా ఎదురు నిలబడే అవకాశం వచ్చింది.

[తెరపై: గేమ్‌లో రాత్రి, పగిలిన బేస్ ముందు కాగడా వెలుగు.]

మళ్లీ ఆ పొద్దుటికి వస్తాను. ఖాళీ బేస్ ముందు రాయి పట్టుకుని నిలబడి ఉంటే, వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు. పక్క బేస్ అతను. అప్పటిదాకా ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు, ఒకట్రెండుసార్లు కాల్చుకున్నాం కూడా. రాయి ఎత్తాను. అతను విల్లు, కొన్ని బాణాలు, కట్టెలు నేల మీద పడేసి రెండడుగులు వెనక్కి వేశాడు. మైక్‌లో నెమ్మదిగా అన్నాడు: "రాత్రి పేలుళ్లు విన్నాను బ్రో, ఒక్కణ్ణే ఉన్నా, బయటికి రావడానికి భయమేసింది. నువ్వు మళ్లీ కట్టుకో. ఈ రాత్రికి నేను మేలుకునే ఉంటాను."