ప్రాసెసర్ చెప్పిన వేగం అందుకుంటోందా?

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్ కొనేముందు ప్రాసెసర్ వివరాలు చూస్తే రెండు వేగాలు కనిపిస్తాయి. ఒకటి బేస్, అంటే మామూలుగా నిలిచే వేగం. రెండోది బూస్ట్, అంటే వీలైనప్పుడు అందుకోగల పై వేగం. 2019 జులైలో వచ్చిన ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 9 3900ఎక్స్‌నే తీసుకోండి. బేస్ 3.8 గిగాహెర్ట్జ్, బూస్ట్ 4.6 గిగాహెర్ట్జ్. ప్రకటనల్లో పెద్దగా కనబడేది రెండోదే. కొన్నవాళ్లు మెషిన్ ఆన్ చేసి, టాస్క్ మేనేజర్ తెరిచి ఆ అంకె కోసం చూస్తారు. 4.1 వస్తుంది, 4.2 వస్తుంది, 4.6 మాత్రం ఎంతసేపటికీ రాదు. ఇక టెన్షన్ మొదలు. చిప్పులో లోపమా, మదర్‌బోర్డు సరిగా లేదా, లేక ప్రకటనే అబద్ధమా?

నా మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావరకు కొలిచే పద్ధతి సరిగా లేక వచ్చేవే. అలాగని కంపెనీలు చెప్పిందల్లా నమ్మమని కాదు. సరిగ్గా కొలిచి నిలదీసినవాళ్లు కంపెనీతో లోపం ఒప్పించి దిద్దించిన సందర్భం ఒకటుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం. అసలీ బూస్ట్ ఎందుకు పుట్టిందో ముందు చూద్దాం.

గిగాహెర్ట్జ్ అంటే ప్రాసెసర్ గడియారానికి సెకనుకు వంద కోట్ల టిక్కులు. 5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఒక టిక్కు నుంచి ఇంకో టిక్కుకు మధ్య కాంతి కూడా 6 సెంటీమీటర్లకు మించి వెళ్లలేదు. అంత తక్కువ వ్యవధి అది. 2000 మార్చిలో ఏఎండీ, ఇంటెల్ రెండూ కొద్ది రోజుల తేడాలో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్లు తెచ్చాయి. అక్కడి నుంచి అంకెల పందెం జోరందుకుంది. నాలుగేళ్లు తిరిగేసరికి వేడి దారికి అడ్డం వచ్చింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తామన్న ఇంటెల్, 2004 అక్టోబరులో ఆ ఆలోచన మానుకుంది. ఒక్క కోర్‌ని, అంటే చిప్పులో లెక్కలు చేసే భాగాన్ని, ఇంకా ఇంకా పరుగెత్తించే బదులు, ఒకే చిప్పులో రెండు, నాలుగు కోర్లు పెట్టే రోజులు వచ్చాయి.

దాంతో కొత్త చిక్కు వచ్చిపడింది. నాలుగు కోర్లూ ఒకేసారి పనిచేసినా వేడి తట్టుకునేలా వేగం పెట్టాలంటే దాన్ని తక్కువగానే ఉంచాలి. కానీ చాలా ప్రోగ్రాములు వాడేది ఒక కోర్‌నే. మిగతా మూడూ ఖాళీగా ఉంటాయి, వాటి వాటా కరెంటు మిగిలిపోతుంది. ఆ మిగిలింది పనిచేస్తున్న కోర్‌కే ఇస్తే? అదే బూస్ట్. ఇంటెల్ 2008 నవంబరులో మొదటి కోర్ ఐ7లతో డెస్క్‌టాప్‌లకు టర్బో బూస్ట్ తెచ్చింది. 2010లో ఏఎండీ టర్బో కోర్ పేరుతో తన పద్ధతి ప్రవేశపెట్టింది.

కాబట్టి పెట్టె మీద ఉన్న పెద్ద అంకె, గాయకుడు తారస్థాయిలో అందుకోగల చివరి స్వరం లాంటిది. ఆ స్వరం నిజంగా పలుకుతాడా అని అడగడంలో న్యాయం ఉంది. పాటంతా అక్కడే ఎందుకు పాడటం లేదంటే అది వేరే ప్రశ్న.

ఈ మాట కంపెనీలే రాసి పెట్టాయి, కాకపోతే చిన్న అక్షరాల్లో. ఏఎండీ వివరణ ప్రకారం గరిష్ఠ బూస్ట్ అంటే ఒక్క కోర్ మీద, ఒకే థ్రెడ్ ఉన్న పని (ఒకే వరుసలో సాగే పని), అదీ ఉండుండి వచ్చిపోయే పని నడిచేటప్పుడు ఆ కోర్ అందుకోగల వేగం. అది కూడా కూలింగ్, మదర్‌బోర్డు డిజైన్, అందులో ఉండే మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్, డ్రైవర్లు, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, ఆఖరికి ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్‌ని బట్టి కూడా మారుతుందట. ఇంటెల్ వైపూ ఇలాగే. కోర్ ఐ9 9900కె కి 5 గిగాహెర్ట్జ్ అని ప్రచారం. ఒకటి రెండు కోర్లు పనిచేస్తున్నప్పుడు చెప్పిన లెక్క అది. ఎనిమిది కోర్లూ రంగంలోకి దిగితే 4.7. తర్వాత వచ్చిన 10900కె కి రాసిన 5.3 కావాలంటే ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటకూడదు. ఇన్ని షరతులున్న అంకెను అంత పెద్దగా అచ్చువేయడం నాకైతే నచ్చదు. షరతు కూడా అంకె పక్కనే, అంతే అక్షరాల్లో ఉంటే సగం గొడవ అక్కడే తీరిపోయేది.

ఇప్పుడు కొలవడం ఎలాగో చూద్దాం.

చాలామంది చేసే పని ఏమిటంటే, ప్రైమ్95 లాంటి స్ట్రెస్ టెస్ట్ పెట్టి కోర్లన్నిటినీ ఒకేసారి రుద్దేస్తారు. వేగం 4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగితే బూస్ట్ రావడం లేదని తేల్చేస్తారు. ఆ పరీక్షతో కూలర్ పనితనం తెలుస్తుంది, మెషిన్ నిలకడగా ఉందో లేదో తెలుస్తుంది. ఒక్క కోర్ బూస్ట్ గురించి మాత్రం అది ఏమీ చెప్పదు. పైగా అలాంటి ప్రోగ్రాములు ఏవీఎక్స్ అనే బరువైన ఆదేశాలు వాడతాయి. వాటికి కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీనికి కావలసింది సినీబెంచ్ అనే పరీక్షా ప్రోగ్రాంలో ఉండే సింగిల్ కోర్ పరీక్ష లాంటిది. అది నడుస్తున్నంతసేపూ బ్రౌజర్, ఆటల లాంచర్లు, లైట్ల రంగులు మార్చే సాఫ్ట్‌వేర్ అన్నీ మూసేయాలి. వెనకాల ఏవైనా నడుస్తూ ఉంటే అవి మిగతా కోర్లను పదే పదే లేపుతాయి, బూస్ట్ ఆ మేరకు తగ్గుతుంది.

ఇక చూసే పనిముట్టు. విండోస్ టాస్క్ మేనేజర్ ప్రాసెసర్ మొత్తానికీ కలిపి ఒకే వేగం చూపిస్తుంది, ఏ కోర్ ఎంతలో ఉందో చెప్పదు. అందుకని హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ప్రోగ్రాం మంచిది. అందులో ఒక్కో కోర్‌కి ఒక్కో వరుస, ప్రతి వరుసలో ఇప్పటి వేగం, కనిష్ఠం, గరిష్ఠం, సగటు ఉంటాయి. అయితే అది మామూలుగా రెండు సెకన్లకోసారి చూస్తుంది. ఈనాటి ప్రాసెసర్లు వేగం మార్చుకునేది ఒకటి రెండు మిల్లీసెకన్లలో. అంటే ఒకసారి చూసి మళ్లీ చూసేలోపు వందలసార్లు పైకీ కిందకీ వెళ్లి వచ్చి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ఆ వ్యవధిని అర సెకనుకు తగ్గిస్తే పట్టుబడే అవకాశం పెరుగుతుంది. ఇంకా బాగా తగ్గించాలనిపిస్తుంది కానీ వద్దు. చూడటం కూడా ప్రాసెసర్‌కి పనే. మరీ తరచుగా చూస్తే నిద్రపోతున్న కోర్లను మనమే లేపినట్టవుతుంది, కొలుస్తున్న వేగం కొలత వల్లే పడిపోతుంది.

వరుసలన్నీ చూశాక ఇంకో అనుమానం రావచ్చు. ఒకటి రెండు కోర్లు మాత్రమే పెద్ద అంకె అందుకున్నాయి, తక్కినవి వంద, రెండు వందల మెగాహెర్ట్జ్ (వెయ్యి మెగాహెర్ట్జ్ ఒక గిగాహెర్ట్జ్) వెనకే ఆగాయి, మరి ఇదేమిటని. ఇది మామూలే. ఒకే చిప్పులోని కోర్లన్నీ ఒక్కలా తయారు కావు. వాటిలో మెరుగైనవి ఏవో ప్రాసెసర్‌కి తెలుసు, విండోస్‌కీ చెబుతుంది. ఒక్క థ్రెడ్ ఉన్న పని వస్తే విండోస్ దాన్ని వాటి మీదికే పంపాలని చూస్తుంది. ఏఎండీ వాళ్ల రైజెన్ మాస్టర్ ప్రోగ్రాంలో అలాంటి కోర్ల పక్కన నక్షత్రం గుర్తు కూడా ఉంటుంది. ప్రకటించిన బూస్ట్ ఆ మేలైన కోర్‌ది. అన్ని కోర్లూ అక్కడికి చేరాలని ఎవరూ మాటివ్వలేదు.

4,600 రావలసిన చోట 4,590 దగ్గర ఆగినా కంగారు వద్దు. ప్రాసెసర్ వేగం ఒక గుణకారం. మదర్‌బోర్డు ఇచ్చే మూల గడియారం 100 మెగాహెర్ట్జ్, దాన్ని 46తో హెచ్చిస్తే 4,600. మూల గడియారం కచ్చితంగా 100 కాకుండా 99.8 దగ్గర ఉండటం చాలా బోర్డుల్లో మామూలు. 46 పెట్టి హెచ్చిస్తే 4,591 దగ్గరికి వస్తుంది. హెచ్చించే అంకె 46 వచ్చిందంటే బూస్ట్ వచ్చినట్టే.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. గరిష్ఠం అనే గడిలో ఒక్కసారి పెద్ద అంకె పడినంత మాత్రాన పండగ చేసుకోనక్కరలేదు. కోర్ ఆ వేగానికి వెళ్లిందే గానీ, ఆ వేగంతో పనేమీ చేయకుండా వెంటనే నిద్రపోయి ఉండొచ్చు. కొన్ని రైజెన్‌లలో వోల్టేజీ మరీ తగ్గించి నడిపితే ఇంకో వింత జరుగుతుంది. వేగం అంకె పైనే ఉంటుంది, పని మాత్రం మందగిస్తుంది. వోల్టేజీ చాలక కోర్ తన టిక్కుల మధ్య దూరం సాగదీసుకుంటుంది, పైకి చూపించే అంకెలో అది కనబడదు.

దీన్ని పట్టుకోవడానికి ప్రాసెసర్ లోపలే రెండు లెక్కింపు మీటర్లున్నాయి. ఇంటెల్, ఏఎండీ రెండింటిలోనూ ఉంటాయి, వాటిని ఎంపెర్ఫ్, ఏపెర్ఫ్ అంటారు. కోర్ మేలుకొని ఉన్నంతసేపూ మొదటిది ఒక స్థిరమైన వేగంతో తిరుగుతుంది, రెండోది కోర్ నిజంగా పరుగెత్తిన వేగంతో తిరుగుతుంది. కొంత వ్యవధిలో రెండూ ఎంతెంత కదిలాయో చూసి రెండోదాన్ని మొదటిదానితో భాగించి, ఆ స్థిరమైన వేగంతో హెచ్చిస్తే ఆ వ్యవధి మొత్తంలో సగటున ఎంత వేగం వచ్చిందో తెలుస్తుంది. మనం చూసిన ఆ ఒక్క క్షణం మాటే కాకుండా, మధ్యలో జరిగిందంతా లెక్కలోకి వస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ పేరుతో కనిపించే వరుస ఇలాంటి లెక్కే, నిద్రపోయిన సమయాన్ని కూడా కలుపుకుంటుంది. లినక్స్ వాడేవాళ్లకు టర్బోస్టాట్ అనే కమాండ్ ఉంది. అది మేలుకొని ఉన్నప్పటి వేగాన్నీ, మొత్తం మీద సగటునూ వేర్వేరు గడుల్లో చూపిస్తుంది. నన్నడిగితే ఈ విషయంలో టర్బోస్టాట్‌ని మించింది లేదు. ఒక్క జాగ్రత్త. పరీక్ష జరుగుతుండగా పని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి గెంతుతూ ఉంటే ప్రతి కోర్‌కీ సగటు తక్కువగానే కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో అఫినిటీ సెట్టింగ్‌తో ఆ ప్రోగ్రాంని మేలైన కోర్‌కే కట్టేసి చూస్తే అనుమానం ఉండదు.

ఇక 2019 సంగతి. ఆ జులైలో రైజెన్ 3000 ప్రాసెసర్లు వచ్చిన దగ్గర్నుంచీ, బూస్ట్ కొద్దిలో తప్పిపోతోందని కొన్నవాళ్లు చెబుతూనే ఉన్నారు. జర్మనీకి చెందిన ఒక ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడపడం) నిపుణుడు ఈ ప్రాసెసర్లు వాడేవాళ్లను సింగిల్ కోర్ పరీక్ష చేసి ఫలితాలు పంపమన్నారు. రెండు వేలకు పైగా వచ్చాయి. 3900ఎక్స్ ఉన్నవాళ్లలో 4.6 అందుకున్నవాళ్లు నూటికి ఆరుగురు కూడా లేరు. ఇలాంటి సర్వేకి లోపాలుంటాయి. అసంతృప్తి ఉన్నవాళ్లే ఎక్కువగా ముందుకొస్తారు, ఒక్కొక్కరి బోర్డూ కూలరూ వేరు. అయినా అందరూ ఒకే రకం పరీక్ష చేశారు, అదీ ఒకే కోర్ మీద. అందుకే దాన్ని తోసిపుచ్చడం కుదరలేదు. సెప్టెంబరులో ఏఎండీ స్పందించింది. ప్రాసెసర్‌ని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌లో ఉన్న లోపం కొన్ని సందర్భాల్లో బూస్ట్‌ని తగ్గిస్తోందని ఒప్పుకుంది. దిద్దుబాటుతో 25 నుంచి 50 మెగాహెర్ట్జ్ దాకా పెరుగుతుందని చెప్పి, మదర్‌బోర్డు కంపెనీల ద్వారా కొత్త బయోస్‌లు విడుదల చేయించింది.

50 మెగాహెర్ట్జ్ అంటే 4,600లో ఒక శాతం. వాడేటప్పుడు ఎవరికీ తెలిసేది కాదు. అయినా అడిగినవాళ్లది చాదస్తమని నేననను. పెట్టె మీద 4.6 అని రాసింది వాళ్లు కాదుగా!

మీ దగ్గర బూస్ట్ అసలే రాకపోతే, కొద్దిగా తగ్గడం కాదు, బేస్ వేగం దగ్గరే కట్టేసినట్టు ఉండిపోతే, మొదట చూడాల్సింది విండోస్ పవర్ సెట్టింగ్స్. మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనే గడిలో 100 బదులు 99 ఉంటే చాలు, చాలా మెషిన్లలో బూస్ట్ పూర్తిగా ఆగిపోతుంది. వేడి తగ్గించడానికి ఎప్పుడో ఎవరో అలా పెట్టి మరిచిపోతారు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి చూడండి, బ్యాటరీ మీద చాలావాటిలో వేగం వేరుగా ఉంటుంది. ల్యాప్‌టాప్ మొదటి అర నిమిషం దూసుకుపోయి తర్వాత తగ్గితే అది లోపం కాదు, ఎక్కువ కరెంటు కొద్దిసేపే వాడుకునేలా పెట్టిన పరిమితి. డెస్క్‌టాప్‌లో బయోస్ పాతదైతే మార్చండి. రైజెన్‌లో కోర్లన్నిటికీ ఒకే వేగం పెట్టి మనమే ఓవర్‌క్లాక్ చేసి ఉంటే ఆటోమేటిక్ బూస్ట్ పనిచేయదు. అన్నీ 4.3లో నడుస్తూ, ఒక్క కోర్‌కి రావలసిన 4.6 పోతుంది.

ఇవన్నీ చూశాక కూడా వంద, రెండు వందల మెగాహెర్ట్జ్ తక్కువే వస్తుంటే, సింగిల్ కోర్ స్కోరును అదే ప్రాసెసర్‌కి ఇతరులు ప్రచురించిన స్కోర్లతో పోల్చండి. ఒకటి రెండు శాతం లోపు తేడా అయితే వదిలేయవచ్చు. పది శాతం ఉంటే కూలర్ విప్పి పేస్ట్ మార్చి, మళ్లీ కొలవండి. సెట్టింగ్స్ ఏవీ మార్చకుండా, ఉష్ణోగ్రత పరిమితికి చాలా కింద ఉండి, కరెంటు పరిమితీ తగలకుండా, మామూలు పనిలో బేస్ వేగం కూడా నిలవకపోతే మాత్రం అది వారంటీకి వెళ్లాల్సిన కేసు. వెళ్లేటప్పుడు బయోస్ వెర్షన్, పరీక్ష పేరు, ఆ సమయంలో ఉష్ణోగ్రత, ఎఫెక్టివ్ క్లాక్ సగటు రాసుకుని వెళ్లండి. ఉత్త గరిష్ఠం గడి స్క్రీన్‌షాట్ చూపిస్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దగ్గరే మాట ఆగిపోతుంది.

సెలవు.