కడుపుతో ఉన్నప్పుడు హెపటైటిస్ బి పాజిటివ్ వస్తే మందు వేసుకోవచ్చా?

అందరికీ నమస్తే. కిందటి వీడియో కింద ఒకాయన అడిగారు, మా ఆవిడకి ఐదో నెల సార్, హెచ్‌బీఎస్ఏజీ, అంటే హెపటైటిస్ బి రక్తపరీక్ష, పాజిటివ్ వచ్చింది, మందులు వాడితే లోపల బిడ్డకి ఏమన్నా అవుతుందేమోనని భయం, మా అమ్మేమో పసరు పోయిద్దామంటోంది అని. పసరు జోలికి మాత్రం పోకండి. కళ్లు పచ్చబడలేదు కదా అనుకుంటారు గానీ ఈ వైరస్ ఏళ్ల తరబడి ఏ గొడవా చేయకుండా లివర్‌లో కూర్చుంటుంది.

ఆ ఒక్క రిపోర్టుతో ఆగొద్దు. అది వైరస్ ఉందని చెప్తుంది, ఎంతుందో చెప్పదు, దానికి హెచ్‌బీవీ డీఎన్ఏ టెస్ట్, అదే వైరల్ లోడ్, చేయించాలి. మిల్లీలీటరుకి 2 లక్షల యూనిట్లు దాటిందంటే పుట్టగానే బిడ్డకి టీకా, ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) రెండూ వేసినా కొంతమందికి అంటుకుంటుంది, పుట్టుకలో అంటుకుంటే 90 శాతం మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. అందుకే వైరస్‌ని తగ్గించే టాబ్లెట్, టెనోఫోవిర్ డిసోప్రాక్సిల్ 300 ఎంజీ, రోజుకొకటి, ఎక్కువగా 28 వారాల దగ్గర మొదలుపెడతారు, ఆవిడ లివరే దెబ్బతిని ఉంటే ఇంకా ముందే. లోడ్ దిగడానికి వారాలు పడుతుంది, నొప్పులొచ్చే ముందు మింగితే ఏం లాభం చెప్పండి?

ఇక భయం సంగతి. చైనాలో లోడ్ బాగా ఎక్కువున్న 200 మంది గర్భిణులతో చేసిన స్టడీ 2016లో వచ్చింది, చివరిదాకా ఉన్నవాళ్ల లెక్క చూస్తే, మందు వాడిన తల్లుల బిడ్డల్లో ఒక్కరికీ అంటలేదు, వాడనివాళ్ల బిడ్డల్లో 7 శాతానికి అంటింది, పుట్టుక లోపాల్లో తేడా ఏం కనపడలేదు. ఇదే జబ్బుకి ఎంటెకావిర్ అనే ఇంకో మందు వాడుతున్నవాళ్లు మాత్రం కడుపుతో ఉన్నామని డాక్టర్‌కి వెంటనే చెప్పాలి, మందు మార్చేస్తారు.

కాన్పయ్యాక చాలామంది చేసే పనేంటంటే, బిడ్డ బానే ఉందిగా అని టాబ్లెట్ పక్కన పడేస్తారు. డాక్టర్ ఆపమంటేనే ఆపాలి, ఆపాక కూడా కొన్ని నెలలు ఎల్‌ఎఫ్‌టీ, అదే లివర్ రక్తపరీక్ష, చేయించుకోవాలి, ఒక్కోసారి లివర్ ఎంజైములు ఎగబాకుతాయి. పాలు మాత్రం నిక్షేపంగా ఇవ్వొచ్చు, టాబ్లెట్ వాడుతున్నా సరే.

బిడ్డకి మొదటి టీకా 24 గంటల్లోపే, ఇమ్యునోగ్లోబులిన్ వీలైతే 12 గంటల్లోపు. ఆ రెండోది ఖరీదు, అన్నిచోట్లా స్టాక్ ఉండదు, డెలివరీ డేట్‌కి ముందే ఆస్పత్రిలో అడిగి పెట్టుకోండి. 2018లో మొదలైన కేంద్రం హెపటైటిస్ ప్రోగ్రాం కింద మందులు ఫ్రీ, మీ జిల్లాలో సెంటర్ ఎక్కడో కనుక్కోండి. బిడ్డకి 9 నెలలు నిండాక రక్తపరీక్ష మర్చిపోకండి.

అన్నట్టు, అడిగినాయనా, మీరు టెస్ట్ చేయించుకున్నారా? నెగెటివ్ వస్తే మీరూ టీకా వేయించుకోండి.