లోడు వేస్తే పికప్ వెనక ఊగుతోందా? ముందు గాలి చూడండి

నమస్తే అండి. కవిటి నుంచి కొబ్బరికాయలు వేసుకొచ్చిన పికప్ ఇది. ఎంప్టీగా ఏ కంప్లైంటూ లేదు. లోడు పడితే మాత్రం, హైవే మీద పక్క నుంచి లారీ దాటిందంటే చాలు, వెనక భాగం ఊగిపోతోందట. మడపాం దగ్గర వంశధార వంతెన ఎక్కాలంటేనే టెన్షన్ అంటున్నారు ఓనరు అన్నయ్య. స్టీరింగ్ పని చేయించారు, షాక్ అబ్జార్బర్లు మార్పించారు. ఊగుడు పోలేదు.

బండి రాత్రంతా ఇక్కడే ఆగింది, టైర్లు చల్లగా ఉన్నాయి. ఇప్పుడు గేజ్ పెడదాం. తమ్ముడూ, కెమెరా దగ్గరికి తీసుకురా. ముందు రెండూ సరిగ్గానే ఉన్నాయి. వెనక రెండూ చూడండి, లోడుకి ఉండాల్సినదానికంటే 15 పీఎస్‌ఐ తక్కువ! నాలుగింటికీ ఒకే లెక్కన గాలి కొట్టించేస్తున్నారు, అదీ సంగతి.

డ్రైవరు డోరు తెరిస్తే ఈ స్టిక్కర్ కనిపిస్తుంది. ముందుకి వేరు, వెనక్కి వేరు, ఎంప్టీకి వేరు, ఫుల్ లోడుకి వేరు. మీరు చూడాల్సింది ఇదే. టైరు పక్కన అచ్చు వేసిన అంకె ఆ టైరు తట్టుకునే హద్దు, మీ బండికి కొట్టాల్సిన గాలి కాదు.

వెనక గాలి తగ్గితే టైరు పక్క గోడ లోడు కింద నలుగుతుంది. మీరు స్టీరింగ్ తిప్పగానే ముందు భాగం తిరుగుతుంది, వెనక భాగం కాస్త ఆలస్యంగా వస్తుంది. దాన్ని సర్దబోయి మళ్లీ తిప్పుతారు, ఊగుడు ఇంకా పెరుగుతుంది. పైగా అలా నలిగే టైరు వేడెక్కి పేలిపోయే ప్రమాదం ఉంది. ఎండాకాలం లోడు బండికి ఇది చాలా పెద్ద విషయం, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

స్టిక్కర్ ప్రకారం గాలి కొట్టించి, అదే లోడుతో నరసన్నపేట వైపు నడిపాను. తేడా మొదటి లారీ దాటగానే తెలిసిపోయింది. బండి లేన్‌లో నిలబడింది, స్టీరింగ్‌తో కుస్తీ పట్టే పని లేదు. ఎండలో నడిచాక గేజ్ ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు గాలి తీసేయకండి. చల్లారాక చూసిందే లెక్క.

లోడు దించేశాక మాత్రం ఎంప్టీ లెక్కకి తగ్గించండి. ఖాళీ బండికి వెనక గట్టి గాలి ఉంటే గుంతల్లో ఎగురుతుంది, వానలో బ్రేకు వేస్తే జారుతుంది. అనుమానముంటే టైరు మీద అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, నున్నటి రోడ్డు మీద కొంచెం దూరం తిన్నగా నడపండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచుల్లోనే చెరిగితే తక్కువ.

ఈ బండిలో ఇంకా కొంచెం ఊగుడు మిగిలింది. అది గాలి వల్ల కాదు, కాయలు క్యాబిన్ కంటే బాగా ఎత్తుగా వేశారు. దానికి ఎంత గాలి కొట్టినా లాభం లేదు, లోడు తగ్గించాల్సిందేనని అన్నయ్యకి చెప్పాను.