ఉపవాసాలు, దశమభాగాలు మనల్ని నిలబెట్టవు: రాయగడ కూడికలో చెప్పిన వాక్యం

అందరికీ ప్రభువు పేరట వందనాలు. అన్నలు, వదినలు, పెద్దమ్మలు, వెనకాల కూర్చున్న మన ఒడియా ఆరాధన తమ్ముళ్ళు, అందరూ యెహెజ్కేలు 33వ అధ్యాయం తియ్యండి, 13వ వచనం.

మారుమనసు పొందు అని మనం మామూలుగా ఎవరికి చెప్తాం, తాగేవాడికి, పేకాడేవాడికి, ఎప్పుడూ గుడి మెట్లెక్కనోడికి. ఇక్కడ దేవుడు మాట్లాడేది నీతిమంతుడి గురించి. నువ్వు బ్రతుకుతావు అని నేనన్న మాట పట్టుకుని వాడు తన నీతినే ఆధారం చేసుకుని పాపం చేస్తే, అప్పటిదాకా చేసిన మంచిలో ఒక్కటీ జ్ఞాపకానికి రాదు అంటున్నాడు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు భయమేస్తాది, ఎందుకంటే ఇది బయటోళ్ళకి కాదు, ఆదివారం ముందు బెంచీలో కూర్చునే మనకి. ఇన్ని నెలలు చీటీ కట్టాను, ఈసారి పాట నాకే రావాలి అన్నట్టు కూర్చుంటాం మనం దేవుడి ముందు.

లూకా 18లో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రం గట్టిగా పాటించే మతనిష్ఠాపరుడు, ఆయన్ని చూడండి. ధర్మశాస్త్రం తప్పనిసరి అన్న ఉపవాసం ఏడాదికి ఒక్కరోజు, ప్రాయశ్చిత్త దినం. ఆయన వారానికి రెండుసార్లు ఉంటున్నాడు, సంపాదనంతటిలో పదోవంతు ఇస్తున్నాడు, అందులో అబద్ధం ఉందని యేసుప్రభువు ఎక్కడా అనలేదు, అంతా నిజమే, అయినా నీతిమంతుడిగా ఇంటికెళ్ళింది మాత్రం రొమ్ము కొట్టుకుని పాపినైన నన్ను కరుణించు అన్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. ఆ కథ ఎవరికి చెప్పాడో 9వ వచనంలోనే ఉంది: తమ నీతిని నమ్ముకుని ఇతరుల్ని తృణీకరించేవాళ్ళకి. ఈ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయండి, తనని తాను నమ్ముకున్నోడు పక్కోణ్ణి చులకన చెయ్యకుండా ఉండలేడు.

ఇది మన ఊళ్ళోకే తెస్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి. మనలో చాలామంది తాతలు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వ్యాపారాలకి ఈ కొండల్లోకి వచ్చినోళ్ళే. ప్రార్థనలో ఏడుస్తాం, బయటికొచ్చి కంధ ఆదివాసీ అన్నదమ్ముల్ని కొండోళ్ళు అని ఎంత తేలిగ్గా అనేస్తాం! వాళ్ళకి వడ్డీకి అప్పిచ్చి వెండి కడియాలు తాకట్టు పెట్టుకుంటాం, ఇంకొందరు పొలమే రాయించుకుంటారు, ఒడిశాలో ఆదివాసీ ప్రాంతాల భూములకున్న 1956 చట్టం (రెగ్యులేషన్) ప్రకారం పర్మిషన్ లేకుండా ఆదివాసీ భూమి మనలాంటోళ్ళు తీసుకోకూడదు, 2002 సవరణ తర్వాత ఆ పర్మిషన్ దారి కూడా లేదు, అయినా వేరేవాళ్ళ పేర్ల మీద నడుస్తూనే ఉంటాయి. అందులోంచే దశమభాగం తీసి కవర్లో పెట్టి ఇస్తాం.

ఇప్పుడు 15వ వచనం చదవండి. తిరిగి వచ్చిన దుర్మార్గుడు మొదట చేసే పనేంటి? కుదువ సొమ్ము తిరిగి ఇచ్చేస్తాడు, దొంగిలించింది ఇచ్చేస్తాడు. మోషే ధర్మశాస్త్రంలో అయితే పేదోడి దుప్పటి తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేలోపు ఇచ్చెయ్యాలి, రాత్రి వాడు ఏం కప్పుకుంటాడు అని దేవుడే అడుగుతున్నాడు.

అయితే జాగ్రత్త, తిరిగిచ్చేశాను కాబట్టి నేను మంచోణ్ణి అంటే మళ్ళీ మొదటికే వచ్చాం. జక్కయ్య అనే సుంకరి అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు నిజమే, కానీ యేసు నేడు నీ ఇంట ఉండాలి అన్నది దానికి ముందు! పిలుపు ముందు, ఇవ్వడం తర్వాత. పౌలు కూడా ఫిలిప్పీ పత్రిక 3లో తన అర్హతలన్నీ వరసగా చెప్పి, బెన్యామీను గోత్రం, పరిసయ్యుణ్ణి, ధర్మశాస్త్రం విషయంలో అనింద్యుణ్ణి అని, క్రీస్తు కోసం అవన్నీ పెంటే అన్నాడు. ఆయన విడిచిపెట్టిన వాటిలో పాపాలే కాదు, మంచి పేరు కూడా ఉంది. మనకి కష్టం అదే. పాపం ఒప్పుకోవడం ఒకలా అయిపోద్ది, నా ప్రార్థనా జీవితం మీద నేను ఆనుకోవట్లేదు, సిలువ మీదే ఆనుకుంటున్నాను అనడానికి నోరు రాదు.

1517లో జర్మనీలో సంఘాన్ని దిద్దడానికి మార్టిన్ లూథర్ రాసిన 95 మాటల్లో మొట్టమొదటిది కూడా విశ్వాసి బ్రతుకంతా మారుమనసే అని. జయపురం లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినోళ్ళు ఇక్కడున్నారు, చిన్నప్పుడు నేర్చుకున్నదే, కొత్తేం కాదు.

ఎవరి బీరువాలో ఎవరి కడియాలున్నాయో మీకే తెలుసు, ఈ వారమే ఇచ్చిరండి, వాళ్ళింటికెళ్ళి మంచం మీద కాకుండా కింద కూర్చుని మాట్లాడి రండి. ఇప్పుడు లేచి నిలబడదాం. కీర్తన 51 ఒడియా తమ్ముళ్ళు వాళ్ళ బైబిల్లో చదువుతారు, తర్వాత మనం తెలుగులో చదువుదాం, ముందు వాళ్ళే.