మాత్ర దాచే చికెన్ పేస్ట్: వికారంగా ఉన్న కుక్కకి పనికొస్తుందా?

నమస్తే అండీ, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్పేస్తున్నాను, కుక్కలకి మాత్ర దాచి పెట్టడానికి చేసిన ఈ చికెన్ పేస్ట్ ట్యూబు కంపెనీవాళ్ళే ఉచితంగా పంపారు. సైజులు, ధరల జోలికి వెళ్ళను.

మా కుక్క టైగర్‌కి పిడుదుల వల్ల టిక్ ఫీవర్ వచ్చింది. డాక్టరుగారు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర రాశారు. మామూలుగా 28 రోజుల కోర్సు. చాలా కుక్కలకి ఈ మందుతో కడుపులో తిప్పుతుంది. వాంతి అయ్యేదాకా మనం కనిపెట్టం గానీ, అవి ముందే చెప్తాయి. ఊరికే మూతి నాక్కుంటాయి, చొంగ కారుస్తాయి, గుటకలు మింగుతాయి, గిన్నెదాకా వచ్చి మొహం తిప్పుకుంటాయి.

ఇక ఈ పేస్ట్. మూత తీస్తే చాలు, వంటిల్లంతా కంపు! గేటు బయట వీధికుక్కలు తోకలూపుతూ నిలబడ్డాయి. మావాడు మాత్రం ఒకసారి వాసన చూసి మంచం కిందకి దూరాడు. మాత్ర చేదుని దాస్తుంది సరే, వికారాన్ని ఎలా దాస్తుంది?

అసలు నాకు చిర్రెత్తింది ట్యూబు వెనక చదివాక. చీమంత అక్షరాల్లో పాలపొడి! పాలలో ఉండే కాల్షియం డాక్సీసైక్లిన్‌ని పట్టేసుకుంటుంది, మందు ఒంటికి సరిగా పట్టదు. మాత్ర కోసమే చేసిన సరుకులో ఈ సంగతి ముందువైపు రాయరా? పక్కింటి మామ్మగారు కూడా "పెరుగన్నంలో కలిపి పెట్టీయమ్మా, కడుపు చల్లబడుతుంది" అన్నారు. అదీ ఇదే తంటా.

ఇంతకుముందు ప్లాస్టిక్ పిల్ గన్ కూడా వాడాను. మాత్రని గొంతులోకి తోసేస్తుంది, కానీ ఈ మాత్ర పొడిగా వెళ్ళి అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడొచ్చు. వెనకే నీళ్ళో, ముద్దో పడాల్సిందే.

మాకు పనిచేసింది మామూలు మెత్తటి అన్నం, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్. ముందు రెండు ఉత్త ముద్దలు, తర్వాత మాత్ర ఉన్న ముద్ద, వెంటనే ఇంకోటి. దాంతోపాటు డాక్టరుగారు రోజుకొకసారి మారోపిటాంట్ అనే వాంతుల మందు ఇచ్చారు. మెదడుకి అందే వాంతి సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. వాంతులు ఆగినా మూతి నాక్కోవడం తగ్గకపోతే కొందరు డాక్టర్లు వికారం తగ్గించే ఆన్‌డాన్సెట్రాన్ కూడా కలుపుతారు. డోసు బరువుని బట్టి వాళ్ళే చెప్పాలి. ఇంట్లో పిల్లల వాంతుల సిరప్ ఉంది కదా అని పోసేయకండి, కొన్ని సిరప్‌లలో తీపి కోసం జైలిటాల్ వేస్తారు, కుక్కలకి అది విషం.

నా తీర్పా? నులిపురుగుల మాత్రకి మారాం చేసే ఆరోగ్యమైన కుక్కకైతే ఈ పేస్ట్ కొనుక్కోండి. డాక్సీసైక్లిన్‌కి మాత్రం వద్దే వద్దు. వికారం చూసి కోర్సు మీరే ఆపేయకండి, డాక్టరుకి ఫోన్ చేయండి. వాంతిలో రక్తం కనిపించినా, తాగిన నీళ్ళు కూడా కక్కేస్తున్నా ఆ రోజే తీసుకెళ్ళండి.